చిన్న పిల్లలకు వాటర్ షూస్ ఎలా ఎంచుకోవాలి: కాగితం మీద కొలత నుంచి బాత్రూంలో పరీక్ష దాకా

ఎండాకాలం సెలవులు దగ్గర పడేకొద్దీ వాటర్ షూస్ (నీళ్లలోకి వేసుకుని దిగే తేలికపాటి షూస్) గురించి ఇవే ప్రశ్నలు వస్తుంటాయి. "మూడేళ్ల పాపని వైజాగ్ తీసుకెళ్తున్నాం, క్రాక్స్ సరిపోతాయా?" "ఆన్‌లైన్‌లో చవగ్గా ఉన్నాయి, కొనొచ్చా?" "ఎలాగూ కాళ్లు పెరుగుతాయి కదా, ఒక సైజు పెద్దది తీసుకుంటే?"

ముందు చిన్న జవాబులు. క్రాక్స్ (మెత్తటి ఫోమ్ చెప్పులు) ఇసుక మీద నడవడానికి పరవాలేదు, అలల్లోకి, రాళ్ల మీదికి వద్దు. చవకవాటిలోనూ మంచివి ఉంటాయి, పరీక్షించి తీసుకోండి. పెద్ద సైజు మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు. ఎందుకో, ఏది కొనాలో, సరిపోయిందో లేదో ఎలా తెలుసుకోవాలో కింద వరసగా రాశాను. ఇదంతా నడక వచ్చినప్పటి నుంచి ఆరేడేళ్ల దాకా ఉన్న పిల్లల కోసం. ఇంకా నడవని పిల్లలకు వాటర్ షూస్ అవసరం లేదు, ఎత్తుకోండి చాలు.

కావలసినవి

రెండు తెల్ల కాగితాలు, పెన్సిల్, స్కేలు. అట్టపెట్టె ముక్క ఒకటి, కత్తెర. బకెట్‌లో నీళ్లు, మగ్గు. గుప్పెడు ఇసుక దొరికితే మరీ మంచిది. వీటితో పాటు కడుపు నిండిన, నిద్ర రాని పిల్లో పిల్లాడో. ఆకలి మీద ఉన్న పిల్లల కాలు కొలవడం మొదలుపెట్టకండి.

1. ఎక్కడికి వెళ్తున్నారో ముందు తేల్చుకోండి

చాలామంది షూ చూసి కొనేసి, తర్వాత ఎక్కడికి వెళ్లాలో ఆలోచిస్తారు. నేలను బట్టి షూ మారుతుంది.

ఇసుక బీచ్: సూర్యలంక, రుషికొండ లాంటి చోట్ల పెద్ద ఇబ్బంది రెండే. మధ్యాహ్నం కాలిపోయే ఇసుక, ఇసుకలో దాక్కున్న గుల్లలు, గాజు పెంకులు. మెత్తటి, పలుచటి అడుగు ఉన్న షూ వేడికి చాలు. గుల్ల గీతలకూ చాలావరకు చాలు. గాజు ముక్కనీ గేలం ముల్లునీ పలుచటి అడుగు ఆపలేదు, కాబట్టి పిల్లలు ఆడే చోటుని మీరు ముందు ఒకసారి కాలితో కెలికి చూడాల్సిందే.

రాళ్ల తీరం: వైజాగ్‌లో తెన్నేటి పార్కు కింద, మంగమారిపేట వైపు రాళ్లకు పదునైన చిన్న గుల్లలు అతుక్కుని ఉంటాయి. చెయ్యి ఆనించినా గీసుకుపోతుంది. ఇక్కడికి మందపాటి రబ్బరు అడుగు, వేళ్లు పూర్తిగా మూసే ముందుభాగం కావాలి. వేళ్లు బయటికి కనపడే శాండల్ పనికిరాదు.

వాగులు, జలపాతాలు: బొగత, కుంటాల లాంటి చోట్ల గుండ్రటి రాళ్లు, వాటి మీద పాచి. ఇక్కడ ఒక మాట నిక్కచ్చిగా చెప్పాలి. పాచి మీద జారని షూ అంటూ లేదు. ఎంత మంచి రబ్బరైనా జారుతుంది. షూ వేశాం కదా అని పిల్లల చెయ్యి వదలకండి. దిగొద్దని బోర్డు పెట్టిన చోట దిగకండి.

స్విమ్మింగ్ పూల్: కొనే ముందు పూల్ వాళ్లని అడగండి. బయట వేసుకుని తిరిగిన పాదరక్షలతో నీళ్లలోకి చాలా చోట్ల రానివ్వరు. పైగా ఈత నేర్చుకునేటప్పుడు షూ అడ్డమే, కాళ్లు ఆడించడం బరువవుతుంది. పూల్ గట్టు మీద నడవడానికి మాత్రం పనికొస్తాయి.

వాటర్ పార్క్: కొన్ని జారుడుబల్లల మీద షూ అసలు ఒప్పుకోరు, కొన్నిటికి మెత్తటివి ఒప్పుకుంటారు. ఫోన్ చేసి అడిగితే సరిపోతుంది.

నదీ స్నానం: 2027లో గోదావరి పుష్కరాలు ఉన్నాయి కాబట్టి ఇదీ అడుగుతున్నారు. స్నానానికి చెప్పులతో దిగరు, అది తెలిసిందే. ఘాట్ దాకా నడిచి వెళ్లడానికి మామూలు బెల్టు చెప్పులు చాలు. మెట్ల మీద పాచికి మందు ఒకటే, పిల్లల్ని ఎత్తుకోవడం.

వర్షాకాలంలో వీధిలో నిలిచిన నీళ్ల కోసం కూడా ఇవే కొంటుంటారు. అది పొరపాటు. వాటర్ షూలోకి నీళ్లు వచ్చి పోవాలి, అది అలా తయారైందే. మురుగు నీళ్లు కాలికి తగలకుండా ఉండాలంటే గమ్ బూట్లు కావాలి.

2. రెండు కాళ్లూ కొలవండి

సాయంత్రం కొలవండి. రోజంతా ఆడేసరికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది.

కాగితాన్ని గోడకు ఆనించి నేల మీద పెట్టండి. పిల్లల్ని మడమ గోడకు తగిలేలా నిలబెట్టండి. నిలబడే కొలవాలి. కూర్చోబెట్టి కొలిస్తే పాదం కురచగా వస్తుంది, ఎందుకంటే బరువు పడ్డప్పుడే పాదం సాగుతుంది. అన్నిటికంటే పొడుగు వేలు ఎక్కడ ఉందో అక్కడ గీత పెట్టండి. అది బొటనవేలే కానక్కర్లేదు, కొందరికి రెండో వేలు పొడుగు. పిల్లలు వేళ్లు ముడుచుకుంటారు, అది చూసుకోండి. మోకాలి మీద మెల్లగా నొక్కితే వేళ్లు తిన్నగా వస్తాయి.

రెండో కాలు కూడా కొలవండి. రెంటికీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల తేడా ఉండటం మామూలే. పెద్ద కాలి కొలతే లెక్క.

ఆ కొలతకు 5 నుంచి 8 మిల్లీమీటర్లు కలపండి. షూ లోపలి పొడవు అంత ఉండాలి. స్కూలు బూట్లకైతే పెరిగే కాలు కోసం సెంటీమీటరు పైనే వదులుతాం. ఇక్కడ అంత వదలకూడదు. తడిస్తే బట్ట సాగుతుంది, ఖాళీలోకి నీళ్లు నిండుతాయి, అల వెనక్కి లాగినప్పుడు షూ దాంతో పాటు పోతుంది.

ఇప్పుడు ఆ కలిపిన పొడవుతో అట్టముక్కని పాదం ఆకారంలో కత్తిరించుకోండి. దుకాణానికి పిల్లల్ని తీసుకెళ్లలేకపోయినా ఈ అట్ట తీసుకెళ్లండి. షూ లోపల పెడితే మడత పడకుండా, అటూఇటూ జరగకుండా పడుకోవాలి. వంగితే చిన్నది, జారితే పెద్దది.

3. సైజు నంబర్‌ని నమ్మకండి, సెంటీమీటర్లు అడగండి

ఎక్కువ టెన్షన్ వచ్చేది ఇక్కడే. మన దుకాణాల్లో ఎక్కువగా యూకే సైజులు నడుస్తాయి. యూరప్ కంపెనీల షూ మీద 24, 26 లాంటి నంబర్లు ఉంటాయి. అమెరికాలో ఉన్న పిన్నో మామయ్యో తెచ్చే షూ మీద యూఎస్ సైజు ఉంటుంది. పిల్లల సైజుల్లో యూఎస్ నంబరు యూకే కన్నా దాదాపు ఒకటి ఎక్కువ. అంటే ఇక్కడ 8 వేసుకునే పిల్లాడికి అక్కడి నుంచి 9 తెమ్మని చెప్పాలి. "సైజు 8" అని మెసేజ్ పెడితే బిగుతుగా ఉండే జత వస్తుంది, తిరిగి ఇవ్వడానికీ ఉండదు. కాబట్టి నంబరు పంపకండి, "షూ లోపల ఇన్ని సెంటీమీటర్లు ఉండాలి" అని పంపండి.

ఇంకో చిక్కు కూడా ఉంది. యూకే, యూఎస్ పిల్లల సైజులు 13 దాకా వెళ్లి మళ్లీ 1 నుంచి మొదలవుతాయి. ఆన్‌లైన్‌లో "సైజు 1" అని కనిపిస్తే అది పసిపాపదా, బడికి వెళ్లే పిల్లదా అన్నది కొలతల పట్టికలో సెంటీమీటర్లు చూస్తేనే తెలుస్తుంది.

యూరప్ లెక్కలో ఒక సైజుకీ ఇంకో సైజుకీ తేడా సుమారు 6.7 మిల్లీమీటర్లు, యూకే లెక్కలో సుమారు 8.5. వాటర్ షూలు చాలావరకు "26-27" అని రెండు సైజులు కలిపి వస్తాయి. మీ పిల్లల కొలత ఆ జతలో చిన్న నంబరు దగ్గర పడితే, ఒక మెట్టు కింది జతని కూడా వేసి చూడండి.

4. రకం ఎంచుకోండి

బజారులో చాలా పేర్లతో అమ్ముతారు కానీ మనకు తేల్చుకోవాల్సినవి మూడే.

సాక్సు లాంటివి. సాగే బట్ట, పలుచటి రబ్బరు అడుగు. కాలికి అంటిపెట్టుకుని ఉంటాయి, బరువుండవు. ఇసుక బీచ్‌కీ, ఒప్పుకునే పూల్‌కీ, మూడేళ్ల లోపు పిల్లలకీ నా ఓటు వీటికే. అప్పుడప్పుడే నడక నేర్చిన పిల్లలకు అడుగు మందమైతే తడబడతారు.

బెల్టు ఉన్న వాటర్ షూస్. పైన జాలీ లాంటి బట్ట, కింద కాస్త మందపాటి రబ్బరు, వెల్క్రో పట్టీ. రాళ్ల తీరానికీ వాగులకీ ఇవి. పట్టీ పాదం పైభాగం మీదుగా వెళ్లాలి. మడమ చుట్టూ తాడు ఉండి బటన్‌తో బిగించే రకాన్ని పిల్లలు లాగి వదులు చేస్తుంటారు, తాడు పొడుగ్గా వేలాడుతుంది. చిన్న పిల్లలకు వెల్క్రోనే మేలు. లేసులు అసలొద్దు, తడి ముడి విప్పడం మీ వల్ల కాదు.

ముందు మూసి ఉండే శాండల్స్. వేళ్లకు రబ్బరు కవచం, పక్కల ఖాళీలు. రాళ్ల మీద బాగుంటాయి, కానీ ఆ ఖాళీల్లోంచి గులకరాళ్లు లోపలికి వస్తాయి. అయిదేళ్లు దాటి, ఎక్కువ దూరం నడిచే పిల్లలకు సరే.

క్రాక్స్ సంగతికి మళ్లీ వద్దాం, ఎందుకంటే అడిగేవాళ్లు ఆగరు. వాటి ఫోమ్ నీళ్ల మీద తేలుతుంది. అది మంచిదే అనుకుంటారు. అసలు ప్రమాదం అదే. అలకి కాలి నుంచి ఊడిన షూ తేలుతూ లోపలికి పోతుంది, పిల్లలు దాని వెనకే పరిగెత్తుతారు. షూ పోతే కొత్తవి వస్తాయి. నీళ్లలోకి దిగే ముందే పిల్లలకు ఈ మాట చెప్పి ఉంచండి: "షూ పోతే పోనీ, దాని వెనక వెళ్లొద్దు, నన్ను పిలువు." ఇది ఏ రకం షూకైనా వర్తిస్తుంది. క్రాక్స్‌లాంటివి వేస్తే వెనక పట్టీని మడమ మీదికి తిప్పండి, ఇసుక దాటి ముందుకు వెళ్లనివ్వకండి. అవి వేసుకుని మాల్‌లో ఎస్కలేటర్ ఎక్కేటప్పుడు కూడా పిల్లల చెయ్యి పట్టుకుని మధ్యలో నిలబెట్టండి. మెత్తటి ఫోమ్ అంచుల్లో ఇరుక్కునే ప్రమాదం ఉంది.

హవాయి చెప్పుల గురించి చెప్పేదేం లేదు. నీళ్లకు వద్దు.

రంగు: నారింజ, గులాబీ, నిమ్మపండు రంగు. నీలం, ఆకుపచ్చ, బూడిద రంగు షూ నీళ్లలో పడితే కనపడదు. ఇసుకలో కప్పబడిపోయినా దొరకదు.

5. చేత్తో పరీక్షించండి

ఇవి దుకాణంలోనే చేయొచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే ఇంట్లో పొడిగా ఉండగానే, ట్యాగు తీయకుండా చేయండి. తడిపితే వెనక్కి తీసుకోరు.

వంచి చూడండి. ముందుభాగాన్ని పైకి మడిస్తే షూ వేళ్ల మొదలు దగ్గర వంగాలి. నడుమ మడత పడితే అడుగు బలహీనం. అసలు వంగకపోతే పిల్లలు పాదం ఈడుస్తూ నడుస్తారు.

బొటనవేలితో అడుగుని బయటి నుంచి గట్టిగా నొక్కండి, ఇంకో చెయ్యి లోపల పెట్టి. మీ వేలు లోపల స్పష్టంగా తెలిస్తే అది ఇసుకకు మాత్రమే. రాళ్లకు అది చాలదు.

గోటితో అడుగుని నొక్కండి. కాస్త దిగి మళ్లీ లేస్తే రబ్బరు. గోరు దిగక నున్నగా, గట్టిగా ఉంటే ప్లాస్టిక్. అది తడి బండ మీద జారుతుంది. అడుగున గాళ్లు అన్ని దిక్కులకీ ఉండాలి.

లోపల వేలు పెట్టి కుట్లు తడమండి. ముఖ్యంగా మడమ వెనక, చిటికెన వేలి దగ్గర. మీ వేలికి గరుగ్గా తగిలిన కుట్టు, తడిసి మెత్తబడ్డ పిల్లల చర్మాన్ని అరగంటలో కొరికేస్తుంది.

వాసన చూడండి. ఘాటైన జిగురు వాసన వచ్చే షూ నాకు నచ్చదు, అతుకు ఊడేది కూడా ఎక్కువగా అలాంటివే. ఇంకో మాట: నియోప్రీన్ అనే సాగే రబ్బరు బట్టలో వాడే రసాయనాల వల్ల కొద్దిమందికి దద్దుర్లు వస్తాయి. మీ పిల్లల చర్మం సున్నితమైతే జాలీ బట్టవి చూడండి.

6. తడిపి, వేసి చూడండి

పొడిగా సరిగ్గా పట్టిందంటే సగమే తేలినట్టు. కొలత సరిపోయి, ఉంచుకుందాం అని నిర్ణయించుకున్నాక ఈ పరీక్ష చేయండి.

ముందు షూలో మగ్గుతో నీళ్లు నింపి పైకెత్తండి. నీళ్లు కొన్ని క్షణాల్లో కారిపోవాలి. అడుగున గుంటలో నిలిచిపోతే ఆ షూ నీళ్లలో బరువెక్కుతుంది. తడి షూని చేత్తో పట్టుకుని చూడండి, ఆ బరువు మీ పిల్లల కాలికి మోయదగ్గదేనా అని.

తర్వాత తడి కాలికి తడి షూ వేయండి. పట్టీ బిగించి మడమ దగ్గర పట్టుకుని లాగండి. రాకూడదు. పిల్లల్ని కుర్చీలో కూర్చోబెట్టి, కాళ్లు బకెట్‌లో ముంచి గట్టిగా తన్నమనండి. ఈ పరీక్ష వాళ్లకు తెగ నచ్చుతుంది, నేలంతా తడుస్తుంది. తన్నాక మడమ పైకి లేచిందా, షూ పక్కకి తిరిగిందా చూడండి. ఏ కాస్త తిరిగినా అలల్లో ఊడిపోతుంది.

తడి బాత్రూం గచ్చు మీద, రెండు చేతులూ పట్టుకుని, నాలుగడుగులు వేయించండి. సబ్బు లేకుండా చూసుకోండి. ఇక్కడ జారే షూ బీచ్ రాయి మీద తప్పకుండా జారుతుంది. ఇక్కడ జారలేదు కాబట్టి పాచి మీదా జారదని మాత్రం అనుకోకండి.

చివరగా షూలో చిటికెడు ఇసుక వేసి పది నిమిషాలు ఇంట్లో తిరగనివ్వండి. తీశాక పాదం చూడండి. ఎర్రటి గీత ఉంటే ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. ఆ గీత పావుగంటలో మాయమైతే సరే. అలాగే ఉంటే ఆ షూ ఆ కాలిది కాదు. ఇది చేయడానికి బద్ధకిస్తారు, తెలుసు. కానీ మడమ మీద బొబ్బ లేచిన పిల్లని బీచ్ నుంచి పార్కింగ్ దాకా మోయాల్సింది మీరే.

బిగుతుగా ఉంటే సాగుతుందిలే అని ఉంచుకోకండి. వదులైతే లోపల సాక్సు వేయకండి. తడిసిన సాక్సు మడతపడి ఇంకా ఎక్కువ రాపిడి చేస్తుంది. సైజు మార్చండి, అంతే.

7. ముందే అలవాటు చేయండి

బీచ్‌లో మొదటిసారి వేస్తే రెండు మూడేళ్ల పిల్లలు పీకి పారేస్తారు. వారం ముందు నుంచి స్నానం వేళ కాసేపు వేయండి. అయినా ఒప్పుకోకపోతే బలవంతం వద్దు. పొద్దున ఎనిమిది లోపో, సాయంత్రమో, శుభ్రంగా ఉన్న ఇసుకలో ఒట్టి కాళ్లతో ఆడుకోనివ్వండి. అది కూడా మంచి దారే. రాళ్ల వైపు మాత్రం షూ లేకుండా వద్దు.

8. నీళ్ల దగ్గర

వాటర్ షూ లైఫ్ జాకెట్ కాదు. ఇది రాయక తప్పదు, ఎందుకంటే షూ వేయగానే పిల్లలకూ ధైర్యం వస్తుంది, మనకూ వస్తుంది. వైజాగ్ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఉంటాయి, పెద్దవాళ్లే కొట్టుకుపోయిన సంఘటనలు ఉన్నాయి. చిన్న పిల్లలు తమ మోకాలి లోతు దాటకూడదు, మీరు చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉండాలి. లైఫ్‌గార్డులు ఉన్న చోటే దిగండి.

ప్రతి అరగంటకీ షూ తీసి ఇసుక దులపండి. అప్పుడే వేళ్ల మధ్య, మడమ వెనక చూడండి.

ఒడ్డున పడి ఉన్న జెల్లీ ఫిష్‌ని షూతో తొక్కి ఆడనివ్వకండి. చచ్చిపోయినట్టు కనపడినా దాని తీగలు కుట్టగలవు, షూకి అంటుకున్న ముక్క తర్వాత చేతికి తగులుతుంది.

9. తిరిగొచ్చాక

మంచినీళ్లతో లోపలా బయటా కడగండి. ఉప్పు నీళ్లయినా పూల్ క్లోరిన్ అయినా అలాగే ఆరిపోతే బట్ట బిరుసెక్కుతుంది, అతుకులు ఊడతాయి. వెల్క్రోలో ఇరుక్కున్న ఇసుకని పాత టూత్‌బ్రష్‌తో తీయండి, లేకపోతే పట్టు పోతుంది.

పాత న్యూస్‌పేపరు ఉండలు చేసి లోపల కుక్కి, నీడలో గాలి తగిలేలా ఆరబెట్టండి. మండే ఎండలో, కారు డ్యాష్‌బోర్డు మీద పెట్టకండి. తడి షూని ప్లాస్టిక్ కవర్లో కట్టి డిక్కీలో మరిచిపోవడం మనలో మామూలు. మర్నాటికి వచ్చే కంపు ఆ తర్వాత ఎంత కడిగినా పూర్తిగా పోదు. హోటల్‌కి చేరగానే తీసి ఆరేయండి. పిల్లల వేళ్ల సందులు కూడా పొడిగా తుడవండి.

రోజంతా వేసి ఉంచే షూ కాదిది. నీళ్ల నుంచి బయటికి రాగానే మామూలు చెప్పులు వేయండి.

మరుసటి సెలవులకి పనికొస్తాయా?

కొలిచి చూడండి. మూడు నుంచి ఆరేళ్ల పిల్లల పాదం నెలకు సుమారు మిల్లీమీటరు పెరుగుతుంది, అంతకన్నా చిన్నవాళ్లది ఇంకా వేగంగా. మీరు వదిలిన 5 నుంచి 8 మిల్లీమీటర్లు ఏడాది తిరక్కుండానే నిండిపోతాయి. పోయిన ఏడాది షూ ఈ ఏడాదికి దాదాపు రాదు.

తమ్ముడికో చెల్లికో వేయాలనుకుంటే అడుగు తిప్పి చూడండి. గాళ్లు అరిగి నున్నబడితే, మడమ పక్క అతుకు వేలితో లాగితే నోరు తెరిస్తే, వెల్క్రో అంటుకోకపోతే పారేయండి. ఇవన్నీ బాగుంటే ఆ పిల్లల కాలికి కొత్త అట్ట కత్తిరించుకుని రెండో అంకె నుంచి మళ్లీ మొదలుపెట్టండి.